మొదటి బొంత, కడపటి బొంత



చలికాలపు వేకువజామున మనము వెదకి కప్పుకొనునదియు, పగటివేళ చుట్టము వచ్చినప్పుడు మూలకు త్రోసివేయునదియు నగు వస్తువు మన యిండ్లలో ఒకటి కలదు. అదియే బొంత. పట్టుచీరను పెట్టెలో దాచుదుము. కంచుచెంబును తోమి గూటిలో నుంతుము. బొంతను మాత్రము అతిథి కంట బడనీయము. అది పేదతనమునకు గుఱుతని మన తలంపు. నేను ఈ ప్రసంగములో మనవి చేయ దలచిన దేమనగా, బొంతను ఇంటి దస్తావేజువలె చూడవలెనని. ఒక స్త్రీ తన జీవితమున కుట్టిన మొదటి బొంతను, కడపటి బొంతను ప్రక్కప్రక్కన పఱచి చూచినచో, ఆమె చేతినేర్పు ఎట్లు పెరిగినదియు, ఆ యింటివారు ఎట్టి బట్టలు కట్టినదియు, ఆ యూరు ఎట్లు మాఱినదియు తెలిసికొనవచ్చును. అయితే ఆ దస్తావేజులో అక్షరములు లేవు. దానిని చదివి చెప్పగలది కుట్టిన యామె యొక్కతెయే. కావున ఆమె యుండగానే అడుగవలెను.

మొదట బొంత యన నేమో విచారింతము. దూదేకులవారు వింటితో ఏకిన దూదిని గలీబులో నింపి కుట్టినది పరుపు, లేక హైదరాబాదు వాడుకలో రజాయి. గొఱ్ఱె బొచ్చుతో నేసినది గొంగడి. బొంతలో దూదియు లేదు, బొచ్చును లేదు. పాతచీరలు, ధోవతులు పొరలు పొరలుగా పఱచి, పైని చిన్నచిన్న మాసికలు అతికి, అన్ని పొరలును కలియునట్లు సూదితో వరుసలు కుట్టినది బొంత. సంస్కృతమున దీనిని కంథ యందురు. బంగాళమున కాంథా, బీహారున సుజని, మహారాష్ట్రమున గోధడి, కన్నడదేశమున కౌది, సింధుదేశమున రల్లి యని పేర్లు. దేశములు వేఱైనను పని యొక్కటియే: చినిగినదానిని పాఱవేయక మఱల పనికి తెచ్చుట.

ఈ పని మిక్కిలి ప్రాచీనమైనది. బౌద్ధభిక్షువుల చీవరము గుడ్డముక్కలను అతికి కుట్టిన వస్త్రమే. మగధదేశమున గట్లు వేసిన వరిమళ్ళను చూపి, ఆ తీరున ముక్కలు అమర్చి చీవరము కుట్టుమని బుద్ధభగవానుడు ఆనందునకు చెప్పినట్లు వినయపిటకము తెలుపుచున్నది. పొలమును చూచి వస్త్రము కుట్టిన కథ యిది. గోపన్‌పల్లి మాట వచ్చినప్పుడు దీనిని మఱల తలంతము.

బొంత వెచ్చదనము నిచ్చుటకు కారణము పొరల నడుమ నిలిచిపోవు గాలి. కదలని గాలి వేడిమిని సులభముగా దాటనీయదు. పొరలు కుట్లచేత అచ్చటచ్చట నొక్కబడి, కుట్టునకు కుట్టునకు నడుమ కొంచెము ఉబ్బి, ఆ గాలిని పట్టి యుంచును. కుట్టు మిక్కిలి దూరమైనచో ఉతికినప్పుడు పొరలు జాఱి ఒకమూలకు చేరును. మిక్కిలి బిగువైనచో గాలి నిలువదు, పైగా గుడ్డ ముడుతలు పడును. పాతబట్టయే ఏల కావలెననగా, పలుమాఱులు ఉతికిన నూలుబట్టలో గంజి పోయి యుండును, క్రుంగవలసినదంతయు క్రుంగి యుండును. క్రొత్తగుడ్డను ఉతుకక కుట్టినచో, మొదటి ఉతుకునకే అది ముడుచుకొని, బొంతనంతయు మెలిత్రిప్పును. పసిబిడ్డను పొత్తిళ్ళలో నుంచునప్పుడు పెద్దలు మెత్తని పాతగుడ్డను వెదకుట మీరెఱుగుదురు. ఆచారమునకు వెనుక ఈ తెలివి కలదు.

ఇక రెండు బొంతల సంగతి. మా యింట మా తల్లి కుట్టిన బొంతలలో మొదటిదియు, కడపటిదియు నిలిచి యున్నవి. మొదటిది మా యన్న పుట్టిన 1968వ సంవత్సరమున కుట్టినది. అప్పటికి ఆమె క్రొత్తకోడలు. కడపటిది 2021లో, మా యన్న మనుమని కొఱకు కుట్టినది. నడుమ ఏబదిమూడేండ్లు గడచినవి. మొన్న ఇల్లు మాఱునప్పుడు మొదటి బొంతను రుబ్బురోటికి చుట్టి లారీలోని కెక్కించుచుండిరి. మా తల్లి చూచి, దానిని విప్పించి, మంచముపై పఱపించినది. రెండవదానిని నేను తెచ్చి ప్రక్కన వేసితిని. ఆ సాయంకాలము నేను నేర్చుకొన్నదే మీకు చెప్పుచున్నాను.

మొదటి బొంతలో కుట్లు జానెడు పొడవునకు పదకొండు. అవి సమముగా లేవు; ఒకటి వడ్లగింజంత, ఒకటి చింతగింజంత. దారము బిగువుగా లాగుటచేత గుడ్డ అంతట ముడుతలు పడి, అంచు పాము నడకవలె వంకరపోయినది. దారపు ముడులు పైకి కనబడుచున్నవి. నాలుగు మూలలలో ఒకటియు సరిగా లేదు. ఆ బొంత కుట్టిననాడు మా తల్లి ఏడ్చి, అంతయు విప్పుటకు కూర్చున్నదట. మా నాయనమ్మ వారించి, "ఇప్పకు పిల్లా. పోరడు కప్పుకుంటె ముడుతలు అవే పోతయి. వచ్చేది మంచిగ కుట్టు" అన్నదట. ముడుతలు పోలేదు. కాని రెండవ బొంత మొదటిదానికంటె బాగుగా వచ్చినది.

నడివయస్సున ఆమె కుట్టిన బొంతలలో జానెడునకు ఇరువది కుట్లకు తక్కువ యుండెడివి కావు. కడపటి బొంతను లెక్కించితిని, పదుమూడు. మఱల కుట్టు పొడుగైనది. కంటిచూపు తగ్గినది కదా! మొదటి దృష్టికి రెండు బొంతలును ఒక్కతీరుననే యున్నవి. చేతితో తడవినప్పుడు భేదము తెలిసినది. కడపటిదానిలో కుట్టు పొడుగైనను బిగువు అంతటను సమము. ఒక్క ముడుత లేదు. మూలలు నాలుగును చతురముగా నున్నవి. ముడి ఎక్కడ వేసినదో వెదకినను దొరకదు. కుట్టు పొడవు కంటిచూపును తెలుపును, బిగువు చేతి యనుభవమును తెలుపును. "కండ్లు కనవడకున్నా చెయ్యికి ఎరుకే" అని మా తల్లి తేల్చినది. సూదిలో దారమెక్కించుట మాత్రము ఆమెకు చేతకాదయ్యెను. అందుకు మా యన్న కూతురు ప్రతిదినము ఉదయమున కంప్యూటరు కచేరికి పోవుటకు ముందు పది సూదులలో దారము ఎక్కించి, తలగడకు గ్రుచ్చి పోయెడిది. సాయంకాలమునకు పది సూదులును ఖాళీ యగునవి.

పిమ్మట నేను మాసికలను అడిగితిని. మొదటి బొంతపై వ్రేలుపెట్టి ఆమె ఇట్లు చెప్పసాగినది: "ఇది మీ తాత ధోతి. ఇది నా పెండ్లినాటి చీర, కొంగు కాలితె కోసిన. ఈ పచ్చది మీ మేనత్త లంగ." ఇట్లు ఇరువదియేడు మాసికలలో ఇరువదియాఱింటికి జాడ చెప్పినది. నీలిగళ్ళ ముక్క యొకటి మిగిలినది. దానిపై వ్రేలుంచి చాలసేపు ఊరకుండి, "ఇది మీ నాయనమ్మ ఇచ్చింది కొడుకా. ఎవలదో నేనడగలే" అన్నది. మా నాయనమ్మ గతించి ముప్పది సంవత్సరములైనది. ఆ ముక్క యెవరిదో ఇక ఎవరికిని తెలియదు. ఒక యింటి చరిత్రలో ఒక పుట అట్లు పోయినది. ఆనాడు ఒక్కమాట అడిగియున్నచో నిలిచెడిది.

కడపటి బొంతలో జాడ తెలియని ముక్క లేదు గాని, వేఱొక సంగతి కలదు. మొదటి బొంత ఐదు పొరలును నూలే. కడపటిదానిలో ఇంటి కోడండ్ర పాలియెస్టరు చీరలే యెక్కువ, నూలుచీరలు రెండే. ఆ రెండును మా తల్లి కట్టి విడిచినవి. వానిని ఆమె పైని వేయక, బిడ్డ ఒంటికి తగులు అడుగుప్రక్కన వేసినది. తరువాత బొంత కుట్టలేదేమని అడిగితిని. కన్ను కనబడక యని చెప్పునని తలచితిని. "ఇంక నూలు చీర లేదు" అని ఆమె బదులు చెప్పినది.

పెద్దలారా, ఈ మాటను కొంచెము విచారింపవలెను. పాలియెస్టరు 1941లో ఇంగ్లండు దేశమున విన్‌ఫీల్డు, డిక్సను అను రసాయన శాస్త్రజ్ఞులు కనిపెట్టిన కృత్రిమపు దారము. అది చౌక, త్వరగా ఆఱును, ఎక్కువకాలము చినుగదు. ఈ గుణములను కాదనరాదు. దినకూలికి పోవు స్త్రీకి అవి మేలే. కాని బొంతకు కావలసిన గుణములు వేఱు. సాధారణమైన గాలిలో నూలు తన బరువులో నూటికి 8½ పాళ్ళ తేమను పట్టి యుంచుకొనగలదు. పాలియెస్టరు అరపాలైనను పట్టదు. కావున పాలియెస్టరు బొంతలో నిద్రించువాని చెమట ఒంటిమీదనే నిలుచును. రెండవది, ఆ గుడ్డ జాఱుడు గుడ్డ. పొరలు సూదిక్రింద నిలువవు. మూడవది, నిప్పు తగిలినచో నూలు కాలి బూడిదయగును, పాలియెస్టరు కరగి చర్మమునకు అంటుకొనును. నెగడు ప్రక్కను, పొయ్యి ప్రక్కను పరుండువారు ఈ సంగతి మఱవరాదు. దారము విషయమునను ఒక జాగ్రత్త కలదు. పాత నూలుగుడ్డను మిక్కిలి గట్టి కృత్రిమపు దారముతో కుట్టినచో, దారము తెగదు, గుడ్డయే తెగును. తెగిన దారమును మఱల కుట్టవచ్చును. తెగిన గుడ్డను ఏమి చేయుదుము?

ఇట్లు మాఱినది ఇంటిలోని చీరలు మాత్రమే కాదు. గోపన్‌పల్లిని చూడుడు. అది శేరిలింగంపల్లి మండలములోని గ్రామము; నల్లగండ్ల, గౌలిదొడ్డి, తెల్లాపూరు దాని యిరుగుపొరుగు. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము ఏర్పడి, ఆ ప్రక్కను విశాలమైన ఆవరణములో నెలకొన్నది. 1998లో మాదాపూరున సైబర్ టవర్స్ తెఱవబడినది. 2007లో శేరిలింగంపల్లి పురపాలకము గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. 2024లో గోపన్‌పల్లి తండా కూడలియొద్ద పైవంతెన తెఱచిరి. ఈ ఏబదియేండ్లలో జొన్నచేలును, వరిమళ్ళును పోయి, అద్దాల మేడలు లేచినవి. బుద్ధుడు ఆనందునకు చూపిన గట్ల పొలమువంటిది చూపవలెనన్న, ఇప్పుడు ఆ ప్రాంతమున పాతబొంతనే చూపవలసి యున్నది. మేడలోని ఇంటికి మాఱువారు మొదట వదలివేయునదియు ఆ బొంతయే. ఊరూర తిరిగి కూలికి బొంతలు కుట్టు స్త్రీలకు పని తగ్గుటకును ఇదియే కారణము.

తండా యనగానే లంబాడీల సంగతి చెప్పక తీరదు. రైలుదారులు రాకముందు ఎద్దులపై ధాన్యమును, ఉప్పును మోసి దేశమంతట తిరిగినవారు బంజారాలు. వాడి నుండి సికింద్రాబాదునకు రైలు 1874లో వచ్చినది. అట్టి దారులు, బండ్లబాటలు పెరిగినకొలది ఎద్దులమోపుల వర్తకము అణగి, వారు తండాలలో స్థిరపడిరి. తిరుగుచున్న కాలమున వారి యిల్లంతయు ఎద్దు వీపుమీదనే. కావున సంచియు, పఱుపును, కప్పును గుడ్డతోనే కుట్టుకొనవలసి వచ్చెను. గుడ్డముక్కలు అతుకుటయు, అద్దములు, గవ్వలు కుట్టుటయు వారి స్త్రీలకు తల్లివలన వచ్చు విద్య. బళ్ళారి జిల్లా సండూరునందు లంబాణీ స్త్రీలు ఈ విద్యను జీవనాధారముగా చేసికొనిరి. సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. 2023 జూలైలో హంపియందు జి-20 సమావేశము జరిగినప్పుడు 450 మందికి పైగా స్త్రీలు కుట్టిన 1755 వస్తువులను ఒక్కచోట ప్రదర్శించి గిన్నిస్ గ్రంథమున కెక్కిరి. మూలకు త్రోసివేసిన పనియే గౌరవమున కర్హమైనదని దీనివలన తెలియుచున్నది. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టు బొంతలకు మూలలయందు చిన్న గుడ్డమడతలు పెట్టుదురు. వానిని పువ్వులందురు, అవి లేని బొంత వారి దృష్టిలో దిగంబరమైనది. వారు కుట్టును అంచున ప్రారంభించి, చుట్టును తిరుగుచు నడిమికి చేర్తురు. మన పల్లెలలో చతురముగా చుట్టి కుట్టు స్త్రీలకు ఈ పద్ధతి క్రొత్త కాదు.

కుట్టినవారి జ్ఞాపకము నిలుపుటకు ఇతరులు ఏమి చేసిరో రెండు దృష్టాంతములు చెప్పెదను. గడచిన శతాబ్దమునకు ముందు బంగాళమున మానదాసుందరి దాసి అను నామె తన తండ్రికొఱకు ఒక కాంథా కుట్టి, తన పేరును, అది తండ్రికి సమర్పించిన సంగతిని దారముతోనే దానిపై వ్రాసినది. గురుసదయ్ దత్తు గారు సేకరించిన వస్తువులతో కలకత్తాలో ఏర్పడిన ప్రదర్శనశాలకు అది చేరినది. ఎందఱో స్త్రీలు అంతటి బొంతలు కుట్టియుందురు. పేరు వ్రాసికొన్నది గనుక ఆమెను నేడు మనము తలచుకొనుచున్నాము.

రెండవది అమెరికా దేశమున అలబామా రాష్ట్రములోని గీస్ బెండ్ అను పల్లెకు సంబంధించినది. ప్రత్తితోటలలో బానిసలుగా పనిచేసినవారి సంతతి అచ్చట నివసించును. 1942లో మిస్సౌరీ పెట్‌వే అను నామె భర్తను పోగొట్టుకొని, అతడు పొలమున ధరించిన బట్టలతో బొంత కుట్టినది. అతనిని జ్ఞప్తియందుంచుకొనుటకే తల్లి దానిని కుట్టినదని ఆమె కుమార్తె తరువాతికాలమున చెప్పినది. కుమార్తె చెప్పకున్నచో అది ఏవో పాతలాగుల ముక్కలని లోకము తలచెడిది. 2002లో ఆ పల్లె బొంతలను హ్యూస్టన్ నగరపు చిత్రశాలలో గోడలపై వ్రేలాడదీసిరి. 2006లో అమెరికా తపాలావారు వానిబొమ్మలతో పది బిళ్ళలు వెలువరించిరి. కుట్టిన దినమున వారికి చలి తీఱుటయే ముఖ్యము. మనకును అంతే.

ఇక మనము చేయదగిన పని స్వల్పము. మీ యింట బొంత కుట్టిన తల్లియో, అత్తయో, అక్కయో జీవించి యున్నచో, ఒక మధ్యాహ్నము ఆమె మొదటి బొంతను, కడపటి బొంతను ఆమె యెదుట పఱపుడు. మొదటిది చినిగి పోయియున్నచో దొరికినవానిలో పాతది చాలును. ఒక్కొక్క మాసికపై వ్రేలుపెట్టి ఎవరిదని యడుగుడు. చదువుకొన్న పిల్లవాని నొకనిని ప్రక్కన కూర్చుండబెట్టి వ్రాయింపుడు. పిమ్మట జానెడు తెల్లని నూలుపట్టీపై కుట్టినయామె పేరు, ఊరు, సంవత్సరము ఎఱ్ఱదారముతో కుట్టించి, బొంత వెనుకమూలకు అతుకుడు. సిరాతో వ్రాసినచో ఉతుకునకు పోవును; దారము నిలుచును.

బొంతను బండపై బాదరాదు. నీటిలో నానబెట్టి, పిసికి, పిండక నీడలో ఆఱవేయవలెను. ప్లాస్టికు సంచిలో మూసి పెట్టినచో తేమ నిలిచి బూజు పట్టును. గుడ్డలో చుట్టి, ఎండిన వేపాకు నడుమ నుంచి, ఏటికి రెండుమాఱులు విప్పి, మడత మార్చి పెట్టవలెను. ఎప్పుడును ఒకే మడతలో నున్నచో ఆ గీతవెంబడియే చినుగును. చినిగిన నూలుచీరను పాతసామానువానికి ఇచ్చుటకు ముందు ఒక్కమాఱు ఆలోచింపుడు. రెండు చీరలు, ఒక ధోవతి ఉన్నచో పసిబిడ్డకు చిన్నబొంత అగును. ఇంటి ఆడుబిడ్డకు మొదట నేర్పవలసినదియు ఆ చిన్నబొంతయే. అది వంకరగా వచ్చును, దానిని విప్పింపకుడు. మా నాయనమ్మ విప్పనీయకపోవుటచేతనే నేడు మా యింట మొదటి బొంత నిలిచియున్నది.

మా తల్లి ఇప్పుడు సూది పట్టుట లేదు. ఆమె బొంతలు రెండును రుబ్బురోటికి దూరముగా, ఒకే బీరువాలో నున్నవి. రెండింటికిని పట్టీలు కుట్టించితిమి. మొదటిదాని పట్టీపై ఇరువదియాఱు పేర్లు వ్రాయించిన పుస్తకము సంఖ్య వేసితిమి. నీలిగళ్ళ ముక్కకు ఎదురుగా పుస్తకములో చోటు ఖాళీగా విడిచితిమి. మీ యిండ్లలో అట్టి ఖాళీ చోటు పెరుగకుండుటకై ఈ చలికాలము దాటకముందే అడుగుడని ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.